కరెంటు పోయినప్పుడు కప్పాలా, విప్పాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. జీడితోటలోనే ఇల్లు. నాటుకోళ్లు, వనరాజా రకం కోళ్లు కలిపి 60 దాకా ఉన్నాయి. థర్మోకోల్ పెట్టెతో మావారు ఇంట్లోనే గుడ్లు పొదిగే ఇంక్యుబేటరు చేశారు. అందులో రెండు 40 వాట్ల బల్బులు, ఒక చిన్న ఫ్యాను, వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ ఉన్నాయి. 40 గుడ్లు పెట్టాం. 13వ రోజు రాత్రి గాలివానకు కరెంటు పోయి, పది గంటల తర్వాత వచ్చింది. పొద్దున ముట్టుకుంటే గుడ్లు చల్లగా ఉన్నాయి. ఉరుములకు మురిగిపోయాయని మా అత్తగారు అనడంతో పెంటకుప్పలో పారేయడం మొదలుపెట్టాం. 24 పారేశాక ఒకటి పగిలి, లోపల పిల్ల కదులుతూ కనిపించింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మిగిలిన 16 మళ్లీ పెట్టెలో పెట్టాం. అదే రాత్రి వారం వయసున్న 25 పిల్లలకు చలి వేస్తుందని చిన్న గదిలో బొగ్గుల కుంపటి పెట్టి, తలుపు, కిటికీ మూశాం. తెల్లారేసరికి 11 చనిపోయాయి. మిగిలిన గుడ్ల మీద ఆశ పెట్టుకోవచ్చా? ఇన్వర్టరు కొనాలా? తుపాను వస్తే ఏం చేయాలి?

— ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా,

ఆ 16 గుడ్లను పారేయకండి. వాటి మీద ఆశ పెట్టుకోవచ్చు.

గుడ్డు చల్లబడటం వేరు, చచ్చిపోవడం వేరు. పొదిగే పెట్ట కూడా రోజుకు ఒకసారి మేతకూ నీళ్లకూ లేచి పావుగంట, ఇరవై నిమిషాలు తిరిగి వస్తుంది. ఆ కాసేపు గుడ్లు చల్లబడుతూనే ఉంటాయి. మీది పది గంటల సంగతి కాబట్టి అంత తేలిక కాదు, నిజమే. అయినా పెట్టెలో వేడి 32 డిగ్రీల కన్నా తగ్గి 18 గంటల దాకా గడిచినా బతికి బయటపడ్డ పిండాలు ఉన్నాయి. చల్లబడితే పిండం ఎదుగుదల మందగిస్తుంది. దాదాపు 21 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. మీ వైపు వానరాత్రి కూడా గది అంత చల్లబడి ఉండదు. అందుకే ఆ పగిలిన గుడ్డులో పిల్ల కదులుతూ కనిపించింది. ఇది మీ మనసు కష్టపెట్టడానికి చెప్పడం లేదు. నేను మొదటిసారి గుడ్లు పెట్టినప్పుడు ఇంతకన్నా పెద్ద తప్పే చేశాను. అది తర్వాత చెబుతాను.

ఇప్పుడు మీరు చేయాల్సింది చాలా తక్కువ. ఫ్యాను ఉన్న పెట్టె కాబట్టి వేడి మామూలుగానే 37.5 డిగ్రీల దగ్గర ఉంచండి. పోయిన వేడిని పూడ్చాలని ఒక డిగ్రీ ఎక్కువ పెట్టకండి. కరెంటు పోయిన నాటి నుంచి ఐదు రోజులు ఆగి, అంటే 18వ రోజు రాత్రి, గది చీకటి చేసి టార్చి మీద గుడ్డు పెట్టి చూడండి. ఆ వయసు గుడ్డులో వెడల్పు కొసన గాలి గది ఒక్కటే వెలుగుతుంది, మిగతాదంతా నల్లగా నిండి ఉంటుంది. గాలి గది అంచున కాసేపు చూస్తే కదలిక కనిపిస్తుంది. లోపల చుట్టూ ఎర్రటి గీతలా రక్తపు వలయం ఉన్నా, ద్రవం అటూ ఇటూ ఊగుతున్నా అది పోయిన గుడ్డు. వాసన వస్తున్నది, తడి ఊరుతున్నది కనిపిస్తే మాత్రం టార్చి కోసం ఆగకుండా మెల్లగా తీసి దూరంగా పాతిపెట్టండి. లోపల పేలిందంటే మిగిలిన గుడ్లన్నింటినీ పాడుచేస్తుంది. పరీక్ష అయ్యాక గుడ్లు తిప్పడం ఆపి, నీళ్ల గిన్నె పెద్దది పెట్టి తేమ 65-70 శాతానికి పెంచండి. 21వ రోజున ఏమీ రాలేదని కంగారు వద్దు. చల్లబడ్డ గుడ్లు ఒకటి రెండు రోజులు ఆలస్యం చేస్తాయి. 23వ రోజు పూర్తయ్యే దాకా పెట్టె తెరవకండి. పదహారూ రావు. సగం వచ్చినా సంతోషించండి.

ఇక మీ అత్తగారి ఉరుముల మాట. ఆవిడ ఒక్కరే కాదు, మా అమ్మ కూడా గుడ్ల గంపలో ఇనుప మేకు, బొగ్గు ముక్క వేసేది. దాని మీద నాకు పేచీ లేదు. మేకు వల్ల నష్టం లేదు. కానీ గుడ్లు మురిగేది శబ్దానికి కాదు. ఉరుములు వచ్చేది ఉక్కపోత రోజుల్లో, గాలివానల్లో. పొదగడానికి ముందు వేడి గదిలో పది పదిహేను రోజులు నిలవ ఉంచిన గుడ్లు, తడిసి మట్టి అంటిన గుడ్లు ఆ రోజుల్లోనే ఎక్కువ చెడతాయి. నింద ఉరుము మీద పడుతుంది.

ఇప్పుడు పిల్లల దగ్గరికి వస్తాను. ఈ సమాధానంలో మీరు మరిచిపోకూడని భాగం ఇదే. ఆ 11 పిల్లలు చలికే చనిపోయాయని మీరు అనుకుంటూ ఉండొచ్చు. అవి ఎలా పడి ఉన్నాయో రాయలేదు. ఒక మూల ఒకదాని మీద ఒకటి ఎక్కి, అడుగున ఉన్నవి నలిగిపోయి ఉంటే అది చలి తెచ్చిన తొక్కిసలాట. విడివిడిగా, ఎక్కడివక్కడ ఒరిగి, ముక్కు దగ్గర గులాబీ రంగు కనిపించి ఉంటే అది బొగ్గు పొగ పని. బొగ్గు కణకణలాడుతూ, కంటికి పొగ కనిపించకపోయినా, గాలి చాలని చోట కార్బన్ మోనాక్సైడు వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలుపు, కిటికీ మూసిన చిన్న గదిలో రాత్రంతా కుంపటి అన్నారు కాబట్టి నా అనుమానం దాని మీదే. ఆ గదిలో మీరెవరూ పడుకోలేదు కదా అని చదువుతూ ఒక్క క్షణం భయపడ్డాను. ఇకముందు కుంపటి పెట్టాల్సి వస్తే రెండు పక్కలా గాలి ఆడే వసారాలోనే పెట్టండి. మనిషి కాపలా లేకుండా వద్దు. మూసిన గదిలో ఎప్పటికీ వద్దు.

కుంపటి లేకుండా 25 పిల్లలను రాత్రంతా వెచ్చగా ఉంచడం అంత కష్టం కాదు. మొదటి వారం వాటికి 33-35 డిగ్రీల వేడి కావాలి, ఆ తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించవచ్చు. అయితే గదంతా వేడి చేయనక్కర లేదు, పిల్లల చుట్టూ ఉన్న గాలి వేడిగా ఉంటే చాలు. గదిని వేడి చేయాలనుకున్నప్పుడే కుంపటి ఆలోచన వస్తుంది. ఒక అట్టపెట్టెలో మూడు వేళ్ల మందాన పొడి వరి ఊక పోయండి. మధ్యలో వేడినీళ్లు నింపిన స్టీలు క్యాను గుడ్డ చుట్టి పెట్టండి. పిల్లలు దాని చుట్టూ చేరతాయి. పైన పలచటి చీర కప్పి ఒక మూల తెరిచి ఉంచండి. పెట్టె మూలల్లో అట్టముక్కలు వంచి గుండ్రంగా చేయండి, మూల లేకపోతే ఒకదాని మీద ఒకటి ఎక్కడం తగ్గుతుంది. రెండు మూడు గంటలకొకసారి నీళ్లు మార్చాలి, నిద్ర చెడుతుంది, తప్పదు. పిల్లల అరుపే మీకు థర్మామీటరు. గట్టిగా, ఆగకుండా కీచుమంటూ గుంపుగా చేరితే చలి. రెక్కలు జార్చి నోళ్లు తెరిచి గోడల వైపు జరిగితే వేడి ఎక్కువైంది.

ఇంక్యుబేటరు విషయానికి వస్తే, కరెంటు పోగానే అందరూ చేసే పని దుప్పటి కప్పడం. కప్పాలా విప్పాలా అన్నది రెండు సంగతులను బట్టి ఉంటుంది: గుడ్ల వయసు, గది వేడి.

మొదటి పది పన్నెండు రోజుల గుడ్లకు సొంత వేడి దాదాపు లేదు. వాటిని కప్పండి. రెండు వారాలు దాటిన గుడ్డులో పిల్ల పెద్దదై తనే వేడి పుట్టిస్తుంది, గాలి కూడా ఎక్కువ పీలుస్తుంది. అలాంటి గుడ్లు నిండుగా ఉన్న పెట్టెలో ఫ్యాను ఆగి, గాలి రంధ్రాలు కూడా దుప్పటి కింద మూసుకుపోతే చలికి కాదు, ఊపిరాడక పోతాయి. కాబట్టి కప్పినా రంధ్రాలు తెరిచే ఉంచాలి. పెద్ద హేచరీల్లో చివరి వారపు గుడ్లున్న యంత్రం ఆగిపోతే ముందు తలుపులే తెరుస్తారు. మీ 16 గుడ్లకు అంత అవసరం లేదు, రంధ్రాలు చాలు.

రెండోది, గది వేడి. అక్టోబరు వానరాత్రి మీకు గది 26 డిగ్రీలు. అదే మే నెల మధ్యాహ్నం రామగుండంలోనో, రెంటచింతలలోనో రేకుల ఇంట్లో 42 ఉంటుంది. అక్కడ కరెంటు పోయినప్పుడు పెట్టెకు దుప్పటి కప్పితే గుడ్లను ఉడకబెట్టినట్టే. మూత తీసి, ఇంట్లో అన్నిటికన్నా చల్లని గదిలో నేల మీద పెట్టి, చుట్టూ తడిగుడ్డ వేలాడదీయాలి. గుడ్డు చలిని గంటల తరబడి ఓర్చుకుంటుంది, వేడిని మాత్రం ఓర్చుకోదు. పెట్టెలో 40 డిగ్రీలు దాటి కొద్ది గంటలు నిలిస్తే చాలు, నష్టం పూడ్చలేం.

నా తప్పు చెబుతానన్నాను కదా. ఒక రాత్రి కరెంటు పోతే పెట్టెలో నాలుగు వేడినీళ్ల సీసాలు పెట్టి, ఎంతో తెలివిగా చేశానని పడుకున్నాను. అర్ధరాత్రి కరెంటు వచ్చింది. సీసాలు తీయలేదు, పైన దుప్పటి తీయలేదు, బల్బులు వెలిగాయి, దుప్పటి అడ్డుపడి ఫ్యాను తిరగలేదు. పొద్దున థర్మామీటరు 43 చూపించింది. 50 గుడ్లలో ఒక్కటీ మిగలలేదు. చలి చేయలేని పనిని నా జాగ్రత్త చేసింది. అప్పటి నుంచి కరెంటు పోగానే పెట్టె స్విచ్చి ఆపేస్తాను. వచ్చాక పావుగంట ఆగి, వోల్టేజి కుదురుకున్నాక, సీసాలూ దుప్పటీ తీసేసి అప్పుడు వేస్తాను.

వేడినీళ్ల సీసా మంచి పనిముట్టే, లెక్క తెలిస్తే. లీటరు నీళ్లు 60 డిగ్రీల నుంచి 38కి చల్లబడేటప్పుడు దాదాపు 25 వాట్-అవర్ల వేడి, అంటే 25 వాట్ల బల్బు గంటసేపు ఇచ్చేంత వేడి, ఇస్తాయి. మీ పెట్టె లాంటిది ఎంత తింటుందో మీరే చూసుకోవచ్చు. గడియారం పట్టుకుని పది నిమిషాల్లో బల్బులు ఎంతసేపు వెలిగాయో లెక్కపెట్టండి. మూడు నిమిషాలైతే, 80 వాట్లలో మూడు పదోవంతులు, అంటే సగటున 24 వాట్లు. ఒక లీటరు సీసా మీకు దాదాపు ఒక గంట ఇస్తుందన్నమాట. రెండు సీసాలు పెట్టి రెండు గంటలకొకసారి మార్చండి. సగం మరిగిన నీళ్లు, సగం మామూలు నీళ్లు కలిపితే 60 దగ్గర వస్తుంది. పలచటి ప్లాస్టిక్ సీసాలు ముడుచుకుపోతాయి, గాజువి గానీ స్టీలువి గానీ వాడండి. గుడ్డ చుట్టండి, గుడ్లకు తగలనివ్వకండి. 37.5కే చేరాలని పట్టుదల వద్దు, 32-36 మధ్య ఆడుతుంటే చాలు.

ఇంకో చిన్న ఉపాయం, దీనికి ఖర్చే లేదు. నాలుగు లీటరు సీసాల నిండా నీళ్లు పోసి, మూతలు బిగించి, ఎప్పుడూ పెట్టెలోనే ఉంచండి. మామూలు రోజుల్లో అవి కూడా 37.5 దగ్గరే ఉంటాయి. కరెంటు పోయినప్పుడు ఆ నీళ్లు మెల్లగా చల్లబడతాయి, వాటితోపాటే గుడ్లూ మెల్లగా చల్లబడతాయి. 40 గుడ్ల బరువు రెండు కిలోలే. పక్కన నాలుగు కిలోల నీళ్లుంటే పెట్టె చల్లబడే సమయం దాదాపు మూడు రెట్లు అవుతుంది. గంటా రెండు గంటల కోతలకు ఇది ఒక్కటే సరిపోతుంది.

మీరు అడిగిన ఇన్వర్టరు. గుడ్ల కోసమే అయితే పెద్దది అవసరం లేదు. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీలో, 12ను 150తో గుణిస్తే, 1800 వాట్-అవర్లు ఉంటాయి. బ్యాటరీ పాడవకుండా సగమే వాడుకుందాం, 900. ఇన్వర్టరులో ఐదో వంతు పోతుంది, మిగిలేది 720. ఫ్యానుతో కలిపి పెట్టె సగటున 30 వాట్లు తింటే 24 గంటలు వస్తుంది. కానీ అదే ఇన్వర్టరు మీద పాత సీలింగ్ ఫ్యాను ఒకటి తిరిగితే అది ఒక్కటే 75 వాట్లు లాగేస్తుంది, మీ 24 గంటలు ఏడు గంటలు కూడా ఉండవు. కొంటే పెట్టెకు విడిగా లైను లాగించండి, లేదా ఆ రాత్రి ఇంట్లో వాళ్లు విసనకర్రలతో సరిపెట్టుకోవాలి. అంత డబ్బు ఇప్పుడు పెట్టలేకపోతే బండి బ్యాటరీ మీద 12 వోల్టుల చిన్న ఫ్యాను ఒకటి పెట్టండి. వేడి నీళ్ల సీసాలు ఇస్తాయి, గాలి ఫ్యాను తిప్పుతుంది. అది రెండు వాట్లే కాబట్టి రాత్రి గడిచిపోతుంది.

కరెంటు పోయిన సంగతి మీకు తెలియాలి కదా. పెట్టె ఉన్న లైనులోనే, మీరు పడుకునే గదిలో, కరెంటు పోగానే దానంతట అదే వెలిగే ఎమర్జెన్సీ దీపం ఒకటి పెట్టండి. కళ్ల మీద వెలుతురు పడితే మెలకువ వస్తుంది. థర్మామీటరు కూడా బటన్ సెల్లుతో నడిచేది ఒకటి గుడ్ల ఎత్తులో ఉంచండి. థర్మోస్టాట్ మీది అంకెలు కరెంటుతోపాటే ఆరిపోతాయి, మీకు వేడి తెలియాల్సిన సమయంలోనే అది పనికిరాదు.

తుపానుకు మాత్రం ఇవేవీ చాలవు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక మీ ఉద్దానంలో కరెంటు కోసం ఎన్ని రోజులు ఎదురుచూశారో నాకన్నా మీకే బాగా తెలుసు. రోజుల తరబడి కరెంటు లేనప్పుడు నడిచే ఇంక్యుబేటరు ఒక్కటే, మీ పెరట్లో తిరిగే నాటు పెట్ట. వనరాజా మీద ఈ పనికి ఆశ పెట్టుకోకండి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థలో రూపొందించిన ఆ రకం పెరటి పెంపకానికి మంచిదే కానీ సాధారణంగా పొదగదు. నాటు పెట్టల్లో బాగా పొదిగేవి ఏవో మీ అత్తగారికి తెలిసే ఉంటుంది, ఆవిడనే అడగండి. పెట్టెలో గుడ్లు పెట్టిన రోజుల్లోనే రెండు మూడు పెట్టలను కూడా గంపల్లో వరిగడ్డి వేసి కూర్చోబెట్టండి. పేలు పట్టకుండా అడుగున కాస్త పొడి బూడిద చల్లండి. కరెంటు పోయి రోజు గడిచేలా ఉంటే చీకటి పడ్డాక పెట్టెలోని గుడ్లను ఒక్కొక్క పెట్ట కింద పది పన్నెండు చొప్పున సర్దండి. గుడ్డు వయసు పెట్ట అడగదు. కూర్చునే మనసున్న పెట్ట 13వ రోజు గుడ్డునైనా, 17వ రోజు గుడ్డునైనా తనదే అనుకుంటుంది. ఒకటి రెండు రోజుల పిల్లలను కూడా రాత్రిపూట రెక్కల కిందికి జారవిడిస్తే చేరదీస్తుంది. వారం దాటిన పిల్లలనైతే పొడిచి తరుముతుంది.

వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చిన వారంలో కొత్తగా గుడ్లు పెట్టకండి. ఏరిన గుడ్లు ఏడు రోజుల దాకా ఆగగలవు. తడి ఇసుక మీద ఉంచిన మట్టికుండలో, సన్నకొస కిందికి వచ్చేలా పెట్టి, ఇంట్లో చల్లని మూల ఉంచండి. ఫ్రిజ్‌లో వద్దు.

పెద్ద కోళ్ల గురించి మీరు అడగలేదు కానీ ఒక మాట. వాటికి చలి పెద్ద లెక్క కాదు. తడి, ఈదురుగాలి కలిసినప్పుడే ప్రమాదం. గూడు కప్పును తాళ్లతో భూమిలోని గుంజలకు కట్టండి, గాలి వచ్చే వైపు పరదా దించండి, తడిసిన ఊక ఆ రోజే తీసేయండి. మోటారు నడవదు కాబట్టి నీళ్లు ముందే డ్రమ్ముల్లో పట్టుకోండి. 60 కోళ్లకు వానాకాలంలో రోజుకు పదిహేను లీటర్లు చాలు, ఎండాకాలం దానికి రెట్టింపు. గూట్లో రాత్రంతా బల్బు వెలిగించే అలవాటు ఉంటే మానిపించండి. వెలుతురుకు అలవాటుపడ్డ కోళ్లు ఒక్కసారిగా చీకటి పడితే బెదిరి ఒకే మూలకు ఎగబడతాయి.

18వ రోజు టార్చిలో ఎన్ని కదిలాయో, 23 నాటికి ఎన్ని పిల్లలు బయటికి వచ్చాయో రాయండి. టార్చి చూసేటప్పుడు మీ అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకోండి. గాలి గది అంచున పిల్ల కదలడం ఆవిడా ఒకసారి చూడాలి. ఇనుప మేకు పెట్టమంటే పెట్టండి, ఫ్యాను రెక్కలకు మాత్రం తగలకుండా చూసుకోండి.